నేతికుండ సంగతి మీకే బాగా తెలుసు: గోదావరి రేవుల పురోహితులకు బహిరంగ లేఖ

గోదావరి రేవుల్లో అపరకర్మలు చేయించే బ్రహ్మగారలందరికీ నమస్కారం.

మాది ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లె. గోదావరి దాటించి కోటిపల్లి చేర్చే పంటు ఎక్కడానికి సైకిలు మీద పావుగంట. పశుసంవర్ధక శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి దిగిపోయాను. వేదం చదువుకోలేదు. శాస్త్రం విషయంలో మీ ముందు నోరెత్తే అర్హత నాకు లేదు. కానీ నాలుగు నెలలుగా మా పెరట్లో కొబ్బరిచెట్టుకు ఒక రాగి చెంబు వేలాడుతోంది. అందులో మా అన్నయ్య అస్థికలు ఉన్నాయి. తలవి తప్ప మిగతావన్నీ ఉన్నాయి. గాలి వీచినప్పుడు చెంబు చెట్టుకు తగిలి చప్పుడవుతుంది. తొంభై ఏళ్ళ మా అమ్మ ఆ చప్పుడుకు లేచి కూర్చుంటుంది. అందుకే ఈ లేఖ.

అన్నయ్య నలభై ఏళ్ళు అమెరికాలో ఇంజినీరు. ఇరవై ఏళ్ళ క్రితమే అక్కడి ఒక సంస్థలో చేరాడు. మనిషి చనిపోయాడని డాక్టరు ధ్రువీకరించగానే శరీరాన్ని చల్లబరిచి, నెత్తురు తీసి, గడ్డకట్టకుండా కాపాడే మందు ఎక్కించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. ఎప్పటికో వైద్యం పెరిగితే బతికించవచ్చని ఆశ. దీన్ని క్రయోనిక్స్ అంటారు. పూర్తి శరీరానికి రెండు లక్షల డాలర్లు దాటుతుంది. తల ఒక్కటే అయితే ఎనభై వేల దాకా. జీవిత బీమా సొమ్ము దానికి రాసిస్తే చాలు. జ్ఞాపకాలూ స్వభావమూ మెదడులోనే ఉంటాయి, ఒళ్ళు తరవాత ఎలాగైనా చేసుకోవచ్చునని అన్నయ్య తల మాత్రం రాసిచ్చాడు. మిగతా దేహాన్ని అక్కడే దహనం చేసి బూడిద ఇంటివాళ్ళకు ఇస్తారు. అన్నయ్య కూతురు దాన్ని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మగపిల్లలు లేరు కాబట్టి తమ్ముణ్ణి నేనే కర్తను.

అమ్మకు దాచలేదు. అబద్ధం మీద కర్మ చేయించడం నాకు ఇష్టం లేకపోయింది. అంతా విని, "వాడికి చిన్నప్పటి నుంచీ తలతోనే పని, ఒంటిమీద ధ్యాస ఎప్పుడుంది?" అంది. కాసేపటికి, "అక్కడ చలి వేయదు కదా?" అని అడిగింది.

ఇక రేవు సంగతి. ఏ రేవో చెప్పను, ఎవరో చెప్పను. బ్రహ్మగారు సంకల్పం మొదలుపెట్టబోతూ వివరం అడిగారు, చెప్పాను. ఆయన చేతిలోని దర్భలు కింద పెట్టేశారు. చితిలో తల పగిలి కపాలమోక్షం కాలేదు, ప్రాణం బ్రహ్మరంధ్రం దాటలేదు, ఇప్పుడు ఏ కర్మ చేసినా సగమే, ప్రేతత్వం తీరదు అన్నారు. అంతటితో ఆగితే ఈ లేఖ ఉండేది కాదు. మెట్ల మీద అమ్మ వింటుండగా, అతడు ఆకలిదప్పులతో తిరుగుతూనే ఉంటాడన్నారు. ఆ రోజు నుంచి అమ్మ రాత్రిపూట పిట్టగోడ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి పడుకుంటోంది. పొద్దున కాకులు పడేసిన గ్లాసు నేను తీస్తాను.

ఇంకొక రేవులో ఒకరు, "నన్ను అడక్కండి, నేను మిమ్మల్ని అడగను, చెంబు ఇవ్వండి" అన్నారు. ఆయన దయ అర్థమైంది. కానీ అన్నయ్య చాటుమాటుగా చేసిన పని కాదు అది, చాటుగా కర్మ చేయించుకోవలసిన అవసరమూ ఆయనకు లేదు. చెంబు వెనక్కి తెచ్చేశాను.

నత్రజని క్యాను నాకు కొత్త కాదు. నా ఉద్యోగమంతా అదే. గేదె ఎదకు వచ్చిందని కబురు రాగానే క్యాను మూత తీసి, తెల్లటి పొగలో చెయ్యి పెట్టి, దున్న వీర్యం నింపిన స్ట్రా తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అరనిమిషం ఉంచి వేసేవాణ్ణి. చచ్చి పదేళ్ళయిన ముర్రా దున్నకు మన కాలవగట్టున కొత్తగా దూడ పుడుతుంది. దానికి మీలోనే కొందరు పసుపు బొట్టు పెట్టి, తొలి జున్ను శివుడికి నైవేద్యం పెట్టించారు. 1949లో ఇంగ్లండులో పోల్జ్ అనే శాస్త్రవేత్తా ఆయన సహచరులూ గ్లిజరిను కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతాయని కనిపెట్టారు. అన్నయ్య నమ్మకానికి మూలం అక్కడే ఉంది. సెలవులకు వచ్చినప్పుడు నా క్యాను చుట్టూ తిరిగి, "నువ్వు రోజూ చేసేదే రా ఇది, కాస్త పెద్దది" అనేవాడు. కాస్త కాదు, చాలా పెద్దదని నేను అనేవాణ్ణి.

మనుషుల సంగతికి వస్తే, కలకత్తాలో సుభాష్ ముఖర్జీ అనే డాక్టరు 53 రోజులు గడ్డకట్టించి ఉంచిన పిండాన్ని తల్లి గర్భంలో పెడితే, 1978 అక్టోబరు 3న పాప పుట్టింది. ప్రపంచంలో రెండో టెస్ట్‌ట్యూబ్ బిడ్డ. దసరా రోజుల్లో పుట్టిందని దుర్గ అని పిలిచారు. ప్రభుత్వం వేసిన సంఘం ఆ డాక్టరును నమ్మలేదు, వెక్కిరించింది. 1981లో ఆయన ఉరి వేసుకున్నాడు. ఇవాళ మన జిల్లాల పట్టణాల్లో సంతాన కేంద్రం లేని బజారు లేదు. అలా రెండేళ్ళో మూడేళ్ళో నత్రజనిలో ఉండి పుట్టిన పిల్లలకు మీరే బారసాల చేయించారు, జాతకాలు రాశారు. ఆ మూడేళ్ళూ జీవుడు ఎక్కడున్నాడని ఏ బ్రహ్మగారూ పీటల మీద అడగలేదు. అడగకపోవడమే మర్యాద. పుట్టబోయే వాడి విషయంలో చూపిన ఆ మర్యాద పోయినవాడి విషయంలో ఎందుకు లేకపోయింది?

మా నాన్నగారు 2008లో పోయారు. అన్నయ్య రావడానికి మూడు రోజులు పట్టింది. అమలాపురం నుంచి అద్దెకు ఫ్రీజరు పెట్టె తెప్పించి అద్దం కింద పడుకోబెట్టాం. ఎవరూ తప్పనలేదు. పైగా వచ్చిన బ్రహ్మగారే దశరథుడి కథ చెప్పి అమ్మను ఓదార్చారు. భరతుడు కేకయ దేశం నుంచి వచ్చేదాకా తైలద్రోణిలో ఉంచారు కదమ్మా, ఇదీ అంతే అన్నారు. కొడుకు రాక కోసం మూడు రోజులు ఆగవచ్చు. వైద్యం రాక కోసం మూడు వందల ఏళ్ళు ఆగితే మాత్రం అధర్మమా? రెంటికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. నూనెలో పెట్టినప్పుడు దశరథుడు లేస్తాడని ఎవరూ అనుకోలేదు. అయితే లేస్తాడనుకుని దాచిన కథ కూడా మన భాగవతంలోనే ఉంది. నాకంటే మీకే బాగా తెలుసు.

వసిష్ఠుడి శాపానికి నిమి చక్రవర్తి దేహం పడిపోయింది. నరసాపురం మీదుగా పారే మన పాయకు పేరిచ్చిన వసిష్ఠుడే. యాగం ముగిసేదాకా ఆ దేహాన్ని మునులు సుగంధ ద్రవ్యాలలో భద్రపరిచారు. చివర దేవతలు వస్తే, ఈయనను బతికించండి అని అడిగారు. దేవతలు సరే అన్నారు. నాకు మళ్ళీ ఈ దేహబంధం వద్దు అన్నది నిమి ఒక్కడే. అందుకే ఆయనకు ప్రాణుల రెప్పల మీద చోటు దొరికిందంటారు. ఈ కథను నేను చాలాసార్లు తిరగేసుకున్నాను. మునులు పాపం చేశారని అందులో లేదు. బతికించడం సృష్టికి విరుద్ధమని దేవతలు అనలేదు. వద్దనుకున్నది పోయిన మనిషి, అదీ తన ఇష్టంతో. క్రయోనిక్స్ మీద ఇంతకంటే గట్టి ఆధ్యాత్మిక విమర్శ నాకు కనపడలేదు. వచ్చే అవకాశం ఉన్నా రాను అనగలగడం గొప్ప వైరాగ్యమే. అన్నయ్యకు ఆ వైరాగ్యం లేదు. మామిడిపళ్ళన్నా, చదరంగమన్నా, ఎదుటివాడితో వాదనన్నా ఆయనకు తనివి తీరలేదు. వైరాగ్యం లేకపోవడం నేరమైతే మన రేవులకు అస్థికలే రావు.

అమ్మతో వాడిన ఆ మాటను పక్కన పెడితే, కపాలమోక్షం గురించి బ్రహ్మగారి అభ్యంతరం చిన్నది కాదు. అసలు కర్మలో పెట్టే మొదటి పిండంతోనే పోయినవాడికి తల ఏర్పడుతుందని గరుడపురాణం. అన్నయ్య దాచుకున్నదీ సరిగ్గా అదే. ఆలోచిస్తే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. కానీ 1996 నవంబరు 6 రాత్రి తుపాను తీసుకుపోయిన మన జాలర్లలో ఎందరి శవాలు ఒడ్డుకు వచ్చాయి? 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు కొందరు అసలు దొరకనే లేదు. వాళ్ళెవరికీ కపాలమోక్షం కాలేదు. మీరు ఆ ఇళ్ళను అలాగే వదిలేశారా? దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించారు. పూర్వం మూడువందల అరవై మోదుగ కాడలతో మనిషి ఆకారం పేర్చేవారట, పర్ణనర దాహమని. దేహమే దొరకనివాడికి ఆకులతో దేహం చేసి, దారి చూపించి పంపారు. ఎంత గొప్ప ఊహ! శాస్త్రం రాసినవాళ్ళు చచ్చినవాడి లెక్క సరిచూడడానికి కాదు, బతికినవాళ్ళు అన్నం తినడానికి ఆ దారి వేశారని నా నమ్మకం.

ఇక అసలైన చిక్కు. కర్మ అయిపోయాక మనిషి తిరిగి వస్తే? అన్నయ్య కోరుకున్నది ఇదే కదా. దీనికీ మీ దగ్గర విధి ఉంది. చనిపోయాడని కర్మ చేసేసిన మనిషి ఏ దేశాంతరం నుంచో తిరిగివస్తే, నేతితో నిండిన కుండలో ముంచి పైకి తీయాలి, స్నానం చేయించాలి, జాతకర్మ మొదలుకొని ఉపనయనం దాకా మళ్ళీ చేయాలి, భార్య ఉంటే ఆమెనే మళ్ళీ వివాహమాడాలి. ఇది నాకు చెప్పింది మీలో పెద్దవారే, ముప్పై ఏళ్ళ కిందట, పాడి ఆవుకు సూది వేయించడానికి నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టినప్పుడు. అప్పుడు వినోదంగా విన్నాను. ఇప్పుడు ఆ కుండే నాకు ఆసరా. పోయినవాడు రావచ్చునని వేల ఏళ్ళ కిందటే ఆలోచించి పెట్టుకున్న సంప్రదాయం మనది. నేతి కుండ సిద్ధంగా ఉన్నచోట ఈ భయం ఎందుకు?

వదినకు ఫోనులో ఈ సంగతి చెప్పాను. మంగళసూత్రం తీయాలా వద్దా అని ఆమెను దేశం కాని దేశంలో వేధించినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ గురించి రాయాలంటే నా కలం చెడుతుంది. అది ఆమె ఇష్టం, అంతే. మళ్ళీ నిన్నే పెళ్ళిచేసుకోవాలట వదినా అన్నాను. "నన్ను అడిగి చేసుకోమను" అని నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

అన్నయ్య పక్షమే మాట్లాడుతున్నానని అనుకోవద్దు. అన్నయ్య తిరిగి వస్తాడని నేను నమ్మడం లేదు. మైనస్ 196 దాకా వెళ్ళి తిరిగి లేచిన పాలిచ్చే జంతువు ఒక్కటి కూడా ఇంతవరకు లేదు. ఐసులో పెట్టిన పులస వండినా ఒకటే, మానినా ఒకటే అని మనవాళ్ళు ఊరికే అనరు. నీరు గడ్డకడితే లోపలి గోడలు పగులుతాయి. అలా పగలకుండా గాజులా బిగిసేలా చేసే మందులు వచ్చాయి నిజమే. కానీ వీర్యకణం వేరు, మెదడు వేరు.

దానికంటే నన్ను పట్టి ఆలోచింపజేసింది ఇంకొకటి. నత్రజని క్యానుకు కరెంటు అక్కర్లేదు. 96 తుపానుకు కోనసీమ అంతా చీకటి పడి, ఐసు ఫ్యాక్టరీల్లో దిమ్మలు నీరై కారిపోతే, నా క్యానులో స్ట్రాలు చెక్కుచెదరలేదు. దానికి కావలసింది ఒక్కటే, తరుగుతున్న నత్రజనిని ఎవరో ఒకరు పోస్తూ ఉండడం. కొలబద్ద దించి, పైకి తీసి గాలిలో ఊపితే మంచు పట్టిన గీత కనపడుతుంది. గీత దిగిపోయిందంటే పరుగెత్తాలి. ఒకసారి సరఫరా బండి రాక నా క్యాను ఎండిపోయింది. మూత తీస్తే పొగ లేదు. బయటికి అన్నీ మామూలుగానే ఉన్నాయి, లోపల ఏదీ బతికి లేదు. ఆ వేసవిలో ఒక్క గేదే చూలు కట్టలేదు.

అమెరికాలోనూ అదే జరిగింది. ఇలా మొట్టమొదట గడ్డకట్టించిన మనిషి జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే ప్రొఫెసరు, 1967 జనవరి 12న. ఆయన ఇప్పటికీ నత్రజనిలోనే ఉన్నాడు, ఎందుకంటే ఆయన భార్యా కొడుకూ ఏళ్ళ తరబడి వదలకుండా చూసుకున్నారు. కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ శ్మశానంలో మరో తొమ్మిది మంది ఉండేవారు. డబ్బు ఆగింది, పోసేవాళ్ళు ఆగిపోయారు. 1979లో ఆ సంగతి బయటపడేసరికి అక్కడ మిగిలింది కుళ్ళిన దేహాలే.

అది చదివినప్పుడు నాకు మహాలయపక్షంలో మన రేవు గుర్తుకువచ్చింది. మనమూ అదే నమ్మకం మీద పోతున్నాం కదా. మన తరవాత ఎవడో ఒకడు నువ్వులూ నీళ్ళూ వదులుతాడు, వాడి తరవాత వాడి కొడుకు. వదిలేవాడు లేని పితృదేవతలు ఏమవుతారో మీరే పురాణంలో చెబుతారు. అన్నయ్య తిలోదకాలను నమ్మలేదు, ద్రవ నత్రజనిని నమ్మాడు. రెండూ పోయవలసింది ఇంకా పుట్టనివాడే. నాస్తికుణ్ణని చెప్పుకునే మా అన్నయ్య, తన జన్మలో ఎవరూ చూడని మనుషుల మీద ఉంచిన ఈ నమ్మకాన్ని ఏమని పిలవాలి? నాకు భక్తి అనే మాట తప్ప మరొకటి తట్టడం లేదు. ఈ ఉద్యమానికి ఆద్యుడు రాబర్ట్ ఎటింగర్ 1964లో వచ్చిన తన పుస్తకంలో మతానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు, ఇది వైద్యమే కాని మతద్రోహం కాదని. తన సంస్థలో మొదట పడుకోబెట్టింది ఎవరినో తెలుసా? 1977లో, తన తల్లిని. 2011లో ఆయనా ఆమె ఉన్న చోటికే చేరాడు. కాశీకి తల్లిని మోసుకుపోయిన కొడుకుల కథలు మనకు లేవా?

మా వీధి చివర పాస్టరుగారు పరామర్శకు వచ్చి, మట్టిలోంచి మనిషిని చేసిన దేవుడికి పునరుత్థానం రోజున తల ఎక్కడుందో వెతుక్కోవలసిన పని ఉండదు అన్నారు. నాలుగు రోజుల తరవాత సమాధిలోంచి లేచిన లాజరు కథ అమ్మకు చెప్పారు. మా శాఖలో డాక్టరుగా చేసిన ముస్లిం మిత్రుడు, ఖననం ఆలస్యం చేయడం మాకు పడదు అని ముందే చెప్పి, గుహలో మూడువందల తొమ్మిదేళ్ళు నిద్రపోయి లేచిన యువకుల గురించి ఖురానులో ఉన్నదని చెప్పాడు. ఇద్దరూ అన్నయ్య చేసింది సరైనదని అనలేదు. ఇద్దరూ అమ్మ ముందు ఆకలిదప్పుల మాట ఎత్తలేదు.

మనకు లేని విధిని కొత్తగా పుట్టించమని నేను అడగడం లేదు. అలా పుట్టించినా తప్పేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరను, "స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథం" అని స్నాన సంకల్పంలో కలుపుకున్న రేవులు మనవి. సముద్రం దాటి వచ్చిన క్రైస్తవుడికి గోదావరి నీళ్ళలో చోటిచ్చినవాళ్ళు, గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాడికి ఇవ్వలేరా?

ఉన్న అస్థికలకు ఉన్నట్టుగా కర్మ చేయండి. లేని తలకు దర్భలతో తల చేయండి, అది మీకు చేతనైన పని. సంకల్పంలో దాపరికం వద్దు. తల అమెరికాలో నత్రజనిలో ఉన్నదని సంస్కృతంలో ఎలా చెప్పాలో మీరే చూసుకోండి, మీకు రాని మాటా? ఎప్పటికైనా ఆయన లేచి వస్తే నేతి ఖర్చు మా వంశంలో ఎవడు ఉంటే వాడు పెట్టుకుంటాడు, ఈ లేఖే హామీ. చేయించడానికి మనసొప్పని వారు వద్దనండి, బాధపడను. కానీ వద్దనే మాట నాతో చెప్పండి, మెట్ల మీద కూర్చున్న ముసలావిడకు వినపడేలా చెప్పకండి.

వచ్చే అమావాస్యకు చెంబు తీసుకుని ఉదయం మొదటి పంటుకే వస్తాం. అమ్మ మెట్లు దిగలేదు, పంటులోనే కుర్చీ వేసి కూర్చోబెడతాను, అక్కడి నుంచి రేవు కనపడుతుంది. దర్భలు, నువ్వులు, బియ్యప్పిండి మేమే తెచ్చుకుంటాం. ఎవరు వస్తారో ముందురోజు సాయంత్రానికి ముక్తేశ్వరం రేవులో టిక్కెట్ల కుర్రాడికి చెప్పి ఉంచితే చాలు, నాకు కబురు అందుతుంది.

ఇట్లు,
పశుసంవర్ధక శాఖ విశ్రాంత ఉద్యోగి,
ముక్తేశ్వరం దగ్గర